తొమ్మిదో పాఠం

అరండల్‌పేటలో మా బడి. పేరెంట్స్ మీటింగు
తొమ్మిదో పాఠం దగ్గర ఆగిపోయింది.

"మా తాతలు కోతులా?" అన్నాడో టై కట్టిన తండ్రి.
"సిద్ధాంతమేగా, దాని తప్పులూ చెప్పండి"
ఇంకొకాయన, నెమ్మదిగా.
హెడ్మాస్టరు జోజిరెడ్డి గారు
తిరగని ఫ్యాను వంక చూస్తున్నారు.

తప్పులు చెప్పడం నాకూ ఇష్టమే.
సందు లేని పాఠం ఏముంది గనక?
కానీ సందు చూపించాలంటే
ముందు గోడ కట్టాలిగా.
ఇది నోట్లోనే ఉండిపోయింది, సుద్దపొడిలా.

అప్పుడు గుమ్మంలోంచి మీరావలి.
యార్డులో టిక్కీలు దింపి తిన్నగా వచ్చినట్టున్నాడు,
చొక్కా నిండా మిరప ఘాటు.
"మా చేలో నల్ల తామరపురుగు సార్.
మొదటేడు మందుకి రాలిపోయింది.
నిరుడు సగం.
ఈ ఏడు అదే మందు కొడితే
నీళ్ళోసుకుంటోంది.
చావనివే పిల్లల్ని పెట్టాయి, అంతేగదా?
దాన్ని మీ పుస్తకంలో ఏమంటారు?"

టై ఆయన తుమ్మాడు.
ఒకటి కాదు, మూడు.

వెళ్తూ వెళ్తూ మీరావలి
పేజీ నెంబరు అడిగి అరచేతిలో రాయించుకున్నాడు,
రాత్రికి జరీనా చేత చదివించుకుంటాడట.
చెమటకి చెరిగిపోతుందేమోనని
గుప్పిట మూయకుండానే మెట్లు దిగాడు.