ఏడో భాగం

మస్తానన్న బెంగళూరు నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకం
అట్ట తిప్పితే ఆఖరి పేజీ.
జపానోళ్ళు తప్పు కుట్టారనుకున్నా.
పలకల షెడ్డు ముందు, రంపం దుమ్ముకి
కనుబొమలు కూడా నెరిసిన జేజి
కుడివైపు వేలు పెట్టి
"సరిగ్గానే ఉందే, మన అరబ్బీ మాదిరి" అంది.

అందులో పిల్లది నా ఈడే. ముఖంలో సగం కళ్ళు.
పేరుకి నోరు తిరక్క జేజి చాందిని అనేసింది.
చాందిని వాళ్ళమ్మతో మాట్లాడదు.
ఒక పేజీ నిండా వాన, మాటే లేదు.
మార్కాపురం ఎండల్లో ఆ పేజీ
ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో.

ఆరు భాగాలతో ఆగింది కథ.
ఏడోది అన్నకి దొరకలేదు, లేదా మర్చిపోయాడు.
షెడ్డు వెనక అంచు విరిగిన పలకలు గుట్ట.
ముక్కకో గడి, బలపంతో నేనే గీసి
గోడకి వరసగా ఆనించా:
సైకిలు మీద చాందిని,
ముక్క ముక్కకీ కాస్త పొడుగవుతూ
చివరికి రైలు పెట్టెలో.
మధ్యలో అమ్మ ఎదురైంది. ఏమంటుందో తెలీక
బుడగ ఖాళీగా వదిలా.

ఆ వారమే నన్ను మూలన కూర్చోబెట్టారు.
పెద్దదైంది, పెద్దదైంది అంటూ
వచ్చినోళ్ళంతా చిమ్మిలి తినిపించి పోయారు.
రాత్రి అమ్మ, పొద్దస్తమానం ఫ్రేములు బిగించిన చేతుల్తో
పలక ముక్కలన్నీ తెచ్చి
అదే వరసలో నా చాప పక్కన పేర్చింది.
ఎడమ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది.

అట్లా చూస్తే
చాందిని రైలు దిగుతుంది,
గడి గడికీ పొట్టిదవుతుంది.

ఖాళీ బుడగ దగ్గర అమ్మ వేలు ఆగింది.
వరస తప్పని చెప్పబోయి
ఊరుకున్నా.