జ్ఞానాపురం, సరుగుడు కొమ్మ

గవర్రాజు కొట్లో పాత కాగితం కిలో పధ్నాలుగు.
అమ్మడానికి తీసుకెళ్ళి, తూకం పళ్ళెంలోంచి
సగం వెనక్కి తీసేసుకుంటే
"ఏటమ్మా, అమ్ముతన్నట్టా, కొంతన్నట్టా?" అన్నాడు.

నాన్న ట్రంకుపెట్టె ఖాళీ చేస్తున్నాం ఆ వారం.
మాకన్నా ముందే చెదలు మొదలెట్టేశాయి.
అన్నీ పోర్టు టాలీ కాగితాలు.
ఏ ఓడ, ఏ బెర్తు, ఎన్ని బస్తాలు దిగాయి,
ఎన్ని తడిశాయి, ఎన్ని చిరిగాయి.
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి.
ఐదేసి చొప్పున కట్టలు కట్టిన రాత్రి డ్యూటీలు.
అన్నింటి మీదా ఒకే ఎత్తున గోధుమరంగు మరక:
హుద్‌హుద్ నాడు రేకులు లేచిపోయి
వాన పెట్టెలోకి దిగి, ఆగిన చోటు.

ఫిలోమినా పిన్ని మైదా ఉడకబెట్టింది.
బొద్దింకలు ముట్టకుండా చిటికెడు మైలుతుత్తం.
"ఉండ కడతాది, బేగి కలపండర్రా" అని
గరిటె నాకప్పజెప్పి
సీసా మెడ మీద కత్తెర ఆడిస్తూ కూచుంది,
పదును రావాలని.

నక్షత్రం ఎలాగో చెప్తాను.
ముందు చతురస్రం కావాలి.
మడత మీద గోటితో రాయాలి,
గోళ్ళు కొరుక్కునేవాళ్ళు చెంచా వీపుతో.
మూల నుంచి మూలకి. విప్పు. అటు నుంచి మళ్ళీ.
వెంట్రుకవాసి తప్పినా సరే
చివర్లో ఐదో కొన ఏడుపుమొహం పెడుతుంది.
అప్పుడు మా చెల్లి కూతురు బెర్నీలా
"పర్లేదు పెద్దమ్మా, దానికి కాలు బెణికింది" అంటుంది.

దేవదూతలకి కిందటేటి క్యాలెండరు.
కుచ్చిళ్ళు పెట్టి నడుం దగ్గర దారం బిగిస్తే
కుడిరెక్క మీద అమావాస్య, ఎడమరెక్క మీద రాహుకాలం.
పిన్ని చూసి, సిలువ వేసుకుని,
నవ్వాపుకోలేక దగ్గింది.
తిప్పి కట్టబోతే, "ఉండనీ,
ఏ టయింలో ఎగరకూడదో దానికీ తెలవాలి కదా."

తమ్ముడు అంతోని భీమిలి రోడ్డు నుంచి
స్కూటరు మీద అడ్డంగా సరుగుడు కొమ్మ తెచ్చాడు.
గుమ్మం దాకా ఇసుక రాల్చుకుంటూ వచ్చింది.
పాత రంగు డబ్బాలో నిలబెట్టాం.
మా పేటలో తెల్ల కాగితం మూడ్రోజులు తెల్లగా ఉండదు.
హార్బరు గాలి ఇటు తిరిగితే చాలు
బొగ్గు పొడి పిలవని చుట్టంలా మంచమెక్కుతుంది.
కొన్న నక్షత్రమైతే తుడిచి తుడిచి ఏడుస్తాం.
ఇవి ముందే మాసినవి.

అప్పుడు దొరికింది, అడుగున.
తిరిగొచ్చిన సెలవు చీటీ.
డిసెంబరు ఇరవై ఐదు, ఒక్కరోజు.
కారణం అన్న చోట 'పండగ' అని రాసి, కొట్టేసి
'కడుపునొప్పి' అని రాశాడు.
పైన అడ్డంగా ఎర్రసిరా:
ఓడ ఉంది. కుదరదు.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు.
నడిరేయి పూజకి రాలేదని
రెండ్రోజులు మాట్లాడలేదు నాన్నతో.
ఆయనా ఏం చెప్పలేదు.
జేబులోంచి గోనెదారం తీసి
నా జడ పక్కన పెట్టి పడుకున్నాడు.

పిన్ని కత్తెర అందించింది.
కొయ్యను, అన్నాను.
"ఎవరు కొయ్యమన్నారు? మడు."

పొడుగు కాగితం, చతురస్రం కాదు.
కింద మిగిలిన పట్టీని, సంతకం ఉన్నదాన్ని,
లోపలికి మడిచాను.
'కడుపునొప్పి' ఎటు పోయిందో తెలీదు.
'కుదరదు' మూడో మడతలో మునిగింది.
ఎర్రసిరా ఒక్క కొన మీదే తేలింది.

అందని కొమ్మకి అంతోని కట్టాడు.
బెర్నీలా మెడ పైకెత్తి
ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది:
"ఓ డ... ఉం ది. ఓడ ఉంది!
ఎక్కడ?"

కిటికీ తలుపు తీశాను.
బొగ్గు పొడి వచ్చిపడతాదని
పిన్ని అరుస్తూనే ఉంది.