పదకొండో షరతు

ఓజుర్గెతిలో రాత్రంతా వాన.
టీ ఫ్యాక్టరీ పైగదిలో
మ్జియా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదువుతోంది.

"ఓపెనే అత్తా, ఊరికే ఇచ్చారు" అంటాడు జాజా.
దించుకున్న మోడల్ అప్పుడే
బతూమి టోకు వర్తకుడికి
గడగడా ధరలు చెబుతోంది.

వ్యాపారానికి వాడుకోవచ్చు, సరే.
మార్చుకోవచ్చు, సరే.
వాడేవాళ్లు ఫలానా లెక్క దాటితే
మళ్లీ వచ్చి మమ్మల్ని అడగాలి:
ఇది పదకొండో షరతు,
చీమతలంత అక్షరాల్లో.
ఏం మేపి పెంచారో మాత్రం
ఏ పేజీలోనూ లేదు.

పొద్దున్నే పక్కింటి లామారా
గిన్నెతో వచ్చింది, పెరుగు తోడుకి.
మ్జియా చెంచాడు వేసింది.
ఏ ఆవు పాలో చెప్పింది.
ఎంతమందికి పెడతావని అడగలేదు.

పైన జాజా ఇంకా పడుకోలేదు.
"ఒప్పుకున్నామని నొక్కేదా?"
"ముందు మన గిరాకీలను లెక్కపెట్టు.
వేళ్లు సరిపోతాయేమో."