తూకం రాసేవాడు

న్యూలిన్ రేవులో ఇంకా తెల్లారలేదు.
టీ బల్ల మీద రెండు పత్రికలు:
ఒకదాని నిండా పండగ,
రెండోదాని నిండా మైల.

"కూటమి వదిలాం, ఊపిరాడుతోంది" అన్నాడు డెంజిల్.
"ఎవరికి?" అంది మొర్వెన్నా,
ఎగుమతి ఫారాలు తడవకుండా
కోటులోకి దోపుకుంటూ.

అతను శాతాలు చదివాడు.
ఆమే చదివింది, అవే శాతాలు,
తన పత్రికలో తలకిందులుగా.
కెటిల్ కూడా గొంతు కలిపింది.

నేను తూకం రాసేవాణ్ణి.
నన్నెవరూ అడగలేదు.

ఫ్రాన్స్ వెళ్లాల్సిన పెట్టెలో
ఒక్క ముద్ర కోసం మూడోరోజు
పీత ఒకటి డెక్క కదిపింది,
మళ్లీ కదపలేదు.

డెంజిల్ తన పేపరు మొదటి పేజీ చింపి
దాన్ని చుట్టాడు.
చెమ్మ బయటికొచ్చింది.
మొర్వెన్నా మారుమాటాడకుండా
తన పేపరుతో ఇంకో చుట్టు చుట్టింది.

నేను పుస్తకం తెరిచి
నిన్న రాసిన అంకె కొట్టేశాను.