అస్తరు

కంబాదోస్ రేవులో ఫిబ్రవరి.
ఆరు రోజులుగా తుంపర.
కురుస్తోందనలేం, ఆగిందనలేం.
ఇనుపకాళ్ల మీద ఒడ్డున నిలబెట్టిన పడవలో
వెల్లకిలా పడుకుని
పైకప్పు అస్తరు ఊడదీస్తున్నాను.

వైనల్ గుడ్డ ఒక్క లాగుకే వచ్చేసింది,
ముసలిపాము కుబుసంలా.
దాని వెనక స్పాంజి మాత్రం రానంది.
నలభై ఏళ్లకి అదింక స్పాంజి కాదు,
తడిసి ఎండిన శనగపిండి.
గీకిన కొద్దీ కనురెప్పల మీద, పళ్ల సందుల్లో, చొక్కా కాలరులో.
రాత్రి ఇంటికెళ్లి దుప్పటి దులిపితే
అక్కడా అదే పసుపు.

"అత్తా, మిషను తెస్తానుండు" అంటాడు బ్రైస్.
పద్దెనిమిదేళ్లవాడు. వాడి దగ్గర ప్రతి పనికీ ఒక మిషనుంది.
వద్దురా, ఈ గీకుడుబిళ్ల చాలు.
మిషను మధ్యలో ఆగి చూడదు.

ఎలాదియో ఈ పడవ కొన్న ఏడాదే
ఎడమ మంచం మీద, సరిగ్గా తన తలగడ మీద,
ఒక చుక్క పడింది.
ఇక పదకొండేళ్లు
నాతో కన్నా ఆ చుక్కతోనే ఎక్కువ కాపురం చేశాడు.
దాని నెత్తినున్న కిటికీని మూడుసార్లు విప్పాడు,
మూడుసార్లు బిగించాడు.
రబ్బరు మార్చాడు, జిగురు మార్చాడు,
కిటికీలు చేసే కంపెనీకి తిడుతూ ఉత్తరం రాశాడు
(జవాబుగా ఒక కేలెండరు పంపారు).
వాన రాత్రుల్లో ఆయన చెవి పక్కన
ఆల్చిప్పలు ఉడికించే గిన్నె ఉండేది.
టప్.
"సబేలా, విన్నావా?"
వినేదాన్ని.
నిద్రపోతున్నట్టు ఊపిరి తీసేదాన్ని.

ఇవాళ నాలుగో పలక కింద
ఫైబర్ గ్లాసు మీద పెన్సిల్ రాత బయటపడింది.
పడవ కట్టిన కార్ఖానాలో ఎవరిదో చెయ్యి:
"రెండు వేళ్లు తక్కువైంది. శనివారం. ఆకలి."
పేరు లేదు.
ఆ ఆకలి పక్కనించే ఒక గోధుమరంగు గీత పోతోంది,
చాయ్ మరక లాంటిది.
మోచేతుల మీద పాకుతూ దాని వెంట వెళ్లాను.

తెరచాప స్తంభం పాదం దగ్గర నాలుగు బోల్టులు.
మూడోదాని మెడ చుట్టూ
చిటికెనవేలి గోరంత తుప్పు.
నీళ్లు అక్కడ దిగి,
దూలం వెంట నడిచి,
దీపం తీగ దగ్గర మలుపు తిరిగి,
అస్తరు చాటున రెండు బారల దూరం
ఎవరి కంటా పడకుండా వచ్చి
ఆయన తలగడ మీద తేలేవి.
ఇంటిదొంగ.
కిటికీ, పాపం, ఏ పాపమూ ఎరగదు.

నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు కాకుండా పోయింది.
"ఏమైంది?" అన్నాడు బ్రైస్ నిచ్చెన మీంచి.
కంట్లో పిండి పడిందన్నాను.

బోల్టు మార్చడానికి పావుగంట పట్టింది.

కొత్త అస్తరుకి జిగురు వద్దన్నాను.
దుకాణంలో మార్సియాల్ గొణిగాడు:
జిగురైతే మడతన్నది ఉండదు, గుడ్డు లోపలిలా నున్నగా ఉంటుంది.
ఉంటుంది. నాకొద్దు.
సన్నటి చెక్కపలకల మీద బూడిదరంగు ఊలు లాగి కట్టి
ఇత్తడి మరలతో బిగిద్దాం,
మరల తలకాయలు పైకి కనబడనీ.
అరవై నాలుగు లెక్క తేలాయి.
అందం తక్కువే.
కానీ ఏ పలక అనుమానం వస్తే ఆ పలకే
విప్పి చేతిలో పట్టుకోవచ్చు.

మూసేముందు, ఆ ఆకలి పక్కనే,
నేనూ పెన్సిల్‌తో రాశాను:
"కిటికీ కాదు. మూడో బోల్టు."
ఎవరికో తెలీదు.

తర్వాత బ్రైస్‌ని గొట్టం పట్టుకుని పైకెక్కమన్నాను.
ముందు స్తంభం దగ్గర, తర్వాత కప్పంతా
వాడు వాన కురిపిస్తుంటే
ఎడమ మంచం మీద పడుకుని చూశాను.
పొడి. పదినిమిషాలు. పొడి.

టప్.

కుడివైపు. నా మంచం.
పైన కిటికీ మూల ఒక చుక్క ఊరి, లావై,
ఆగి, నన్ను చూసి, జారింది.
ఇది మాత్రం కిటికీయే.
ఎన్నేళ్ల బట్టో మరి. ఎవరు విన్నారు గనక.

బ్రైస్, ఆ నీళ్లు ఆపకు.
గిన్నె ఇటు అందించు.