చెవి గుర్తు

నా భుజంలో ఒక కొక్కెం ఉండేది.
వేసినవాడు హామర్‌ఫెస్ట్ ఆసుపత్రిలో
ఐవిన్ అనే కుర్ర డాక్టరు. మంచివాడే.
గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకుంటాడు.

ఫిబ్రవరిలో, గడ్డకట్టిన ఏటి గట్టున
స్నోమొబైల్ ఒరిగినప్పుడు
నా బరువంతా కుడి మూపు మీదే దిగింది.
కంటె ఎముక కొస ఊడి లేచి
చర్మం కింద గుడారపు గుంజలా నిలబడింది.
నొక్కితే దిగేది, వదిలితే లేచేది.
నవ్వాలో ఏడవాలో తెలీక
మా ఎల్లె కాఫీ పెట్టింది.

ప్లేటు ఎముక మీద పడుకుంటుందన్నాడు ఐవిన్.
నాలుగు స్క్రూలు. కొస మాత్రం వంగి
భుజానికి పైకప్పులాంటి ఎముక కిందికి దూరి
లేవబోయేదాన్ని తొక్కిపెడుతుంది.
మూడు నెలలే. తర్వాత తీసెయ్యాలి.
చుట్టపుచూపుగా వచ్చిందన్నమాట,
కాపురానికి కాదు.

మే నెలలో రమ్మన్నాడు.
మే నెలలో ఈనే రెయిన్‌డీర్లు ఎవరికోసం ఆగుతాయి?
మంచు మీద తడితడిగా పడ్డ దూడని
తల్లి నాకి లేపేదాకా
ఊపిరి బిగబట్టి చూడ్డమే నా మే నెల.

జూన్‌కి చెయ్యి చెవి దాటి లేవలేదు.
జులైలో, సముద్రపొడ్డున, రాత్రి లేని రాత్రుల్లో
దొడ్లో మంద సుడిగుండంలా తిరుగుతుంటే
పాశం విసరాలి. విసరాలంటే చెయ్యి తల మీదికి రావాలి.
వచ్చిన ప్రతిసారీ లోపలెవరో
రాతి మీద కత్తి ఒక్క దూటు నూరి ఆగేవారు.
ఎడమచేత్తో విసిరాను.
రెండు దూడలు పడ్డాయి. మూడోది మా మరిది కాలు.

అక్టోబరులో ఎక్స్‌రే.
ఐవిన్ చాలాసేపు మాట్లాడలేదు.
కప్పు కింద ఉండాల్సిన కొక్కెం
కప్పులోకే ఎక్కేసింది.
దాని చుట్టూ ఎముక అరిగి, కరిగి,
బూడిదరంగు గంటు. అందులో తెల్లగా ఉక్కు.
ఇంకో నెలైతే విరిగేదే అన్నాడు.
నొప్పి లేదా, ఇన్నాళ్లూ?
నొప్పీ ఉంది. పనీ ఉంది.

నాకా గంటు కొత్త కాదు.
యాభై ఏళ్లుగా కోస్తున్నాను:
ఎడమ చెవి కొసన చీలిక, దాని కింద అర్ధచంద్రం,
కుడి చెవి వెనక రెండు పళ్లు.
అమ్మ నాకిచ్చిన గుర్తు.
చీకట్లో వేలితో తడిమి, ఇది నాది, అంటాను.
కోసిన ముక్కలు దారానికి గుచ్చి
లెక్క చూసుకుంటాను.
మరి నా ఎముక అంచున
ఈ అర్ధచంద్రం ఎవరిది?
నేను తప్పిపోతే
తడిమి చూసి ఎవరి మందలో కలుపుతారు?
ఐవిన్‌ని అడిగాను. మర్యాదగా నవ్వి
సంతకం కాగితం ముందుకు జరిపాడు.

తీసేశారు.
ఉక్కు పోయింది, దాని ఇళ్లు మిగిలాయి:
నాలుగు చిల్లులు. అవి పూడేదాకా
బరువెత్తొద్దు, తాడు విసరొద్దు,
విరిగితే అక్కడే విరుగుతుందట.
చలి మాత్రం తగ్గింది.
మైనస్ ముప్పైలో నాకంటే ముందు చల్లబడి
నిప్పు దగ్గర అందరికంటే ఆలస్యంగా వెచ్చబడేది
ఆ ప్లేటే.

అడిగి తెచ్చుకున్నాను, కవర్లో వేసిచ్చారు.
పొయ్యి పైన గొలుసుకి తగిలించి
కెటిల్ వేలాడదీద్దామనుకున్నా.
కొక్కెం చిన్నది. కెటిల్ ఒరిగి
సగం కాఫీ నిప్పులో పోయింది.
ఈసారి ఎల్లె నవ్వింది.

రాత్రి మూలుగ కోసం కాలెముక పగలగొట్టబోతూ
కత్తి వెన్ను ఎక్కడ వెయ్యాలో
ఎడమచేతి వేలితో వెతికాను.
ఎప్పుడూ పలచబడ్డ చోటే వెయ్యాలి.
దొరికింది.
తర్వాత ఆ వేలే, నేను పంపకుండానే,
నా భుజం మీదికి వెళ్లింది.
అక్కడ చాలాసేపు ఆగింది.
ఇంకా ఏమీ చెప్పలేదు.