ఆలస్యానికి కారణం

ఏప్రిల్‌లో మా ఎస్టోనియా పల్లెల్లో
మొండి బాకీదారు అప్పు తీర్చినట్టు
మంచు కొద్దికొద్దిగా కరుగుతుంది,
పూర్తిగా తీర్చదు.

ఆ సాయంత్రం సన్నగా వాన పట్టింది.
విర్వె టీచర్ ఫోన్ చేసి
"కాల్యో, బస్సు తియ్యి, ఈ రాత్రే బయల్దేరతాయి" అంది.
ఏవి అని నేనడగలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ రోడ్డు మీద బండి నడుపుతున్నవాణ్ణి.

పదకొండు మంది పిల్లలు, పసుపు జాకెట్లు, రబ్బరు బూట్లు,
ఇళ్ళలో బంగాళాదుంపలు పోసుకునే బకెట్లు.
బస్సంతా కప్పల తక్కెడ,
ఒకణ్ణి కూర్చోబెడితే ఇద్దరు లేస్తారు.

అడవికీ చెరువుకీ మధ్య మా రోడ్డు.
గోదురుకప్పలకి అడవి తెలుసు, చెరువు తెలుసు,
మధ్యలో ఈ నల్లటిదేమిటో
వాటికెవరూ చెప్పలేదు.

టీచర్ ఏదో పాఠం మొదలెడుతుందనుకున్నాను,
దయ, ధర్మం,
బడి గోడల మీద రాసే మాటలు.
ఆమె చెప్పింది ఇంతే:
"ముందు చేతులు తడుపుకోండి. పొడి చెయ్యి తగిలితే వాటికి మంట.
తల ఎటుందో చూడండి, అటే దాటించండి.
మీకు నచ్చిన వైపు కాదు."

మిర్తెల్ మొదటిదాన్ని దాటించి
గట్టు మీద చతికిలబడి ఎదురుచూసింది.
అది గడ్డిలోకి వెళ్ళిపోయింది.
"వెనక్కైనా చూడలేదు!"
"చూడదు" అంది టీచర్,
ఇంకో బకెట్ అందిస్తూ.

నోట్‌బుక్‌లో రెండు గళ్ళు గీసి ఉన్నాయి.
ఒకటి నిండుతోంది, నలభై, యాభై రెండు, ఎనభై.
రెండోదానికి పేరు లేదు.
రోడ్డు మధ్యలో ఉకు టార్చి వేసి నిలబడిపోయాడు.
తారుకి అంటుకుపోయి, కాగితమంత పల్చగా,
వేళ్ళు మాత్రం ఇంకా విప్పుకుని.
"వీటినీ లెక్కెయ్యాలా?"
"వెయ్యాలి."
"ఇవి దాటలేదుగా?"
ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది,
వాన మళ్ళీ తడిపేసింది.
"బయల్దేరాయి కదా" అంది.

నేను బస్సు మెట్టు మీద కూర్చుని
ఫ్లాస్కు మూత తిప్పుతున్నాను, ఊరికే.
ఉకు వచ్చాడు.
"రాత్రి బస్సు కూడా మీదేనా?"
"నాదే."
"వాటి మీంచి వెళితే మీకు తెలుస్తుందా?"

తెలుస్తుంది నాయనా.
చక్రం కింద చిన్న మెత్తటి చప్పుడు.
తడి ఆకులనుకునేవాణ్ణి.
ఏప్రిల్‌లో ఆకులు రాలవని
అడవి పక్కన పుట్టిన నాకు తెలియక కాదు.

పిల్లాడితో అంత చెప్పలేకపోయాను.
"తెలుస్తుంది" అన్నాను.
వాడు నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు.
రోడ్డు పక్క గుంటలో చెయ్యి ముంచి చూపించాడు:
"ముందు ఇలా."
తన బకెట్ నా ముందు పెట్టాడు.

స్టీరింగుకి కాయలు కాచిన అరచేతిలో
చల్లటి మట్టిముద్ద ఒకటి,
గొంతు దగ్గర మాత్రం టపటపా కొట్టుకుంటూ.
గబగబా తీసుకెళ్ళి అడవి అంచున వదిలాను.
మిర్తెల్ పకపకా నవ్వింది:
"తాతా, దాని తల చెరువు వైపుంది!"
మళ్ళీ పట్టుకుని, మళ్ళీ రోడ్డు దాటి,
అరవై రెండేళ్ళవాణ్ణి, వంగి, జాగ్రత్తగా.
ఆ ఒక్కదాన్నీ రెండుసార్లు లెక్కెయ్యనివ్వలేదు టీచర్.

మొన్న ఆఖరి ట్రిప్పు. ముగ్గురే ప్రయాణికులు.
మలుపు దగ్గర, లైట్ల వెలుగులో, ఒకటి కూర్చుని ఉంది.
బండి ఆపి దిగాను.
మంచినీళ్ళ సీసా వంచి చేతులు తడుపుకున్నాను.
వెనక సీటాయన వాచీ చూసుకుని
గట్టిగా దగ్గాడు.

డిపోలో ఫారం ఇచ్చారు.
ఆలస్యం: ఏడు నిమిషాలు.
కారణం: అన్నచోట
ట్రాఫిక్ అని రాయబోయి ఆగి,
గోదురుకప్ప, ఒకటి, అని రాశాను.
గడిలో ఇంకాస్త చోటు మిగిలింది.
చెరువు వైపు,
అని కూడా రాశాను.